ఊళ్ళో లేడండి

పన్నెండేళ్ల వయసులో, ఒకే ఎండాకాలంలో, నేను మూడు పనులు చేశాను. చర్చికి వచ్చిన ఉత్తరం దాచేశాను. చర్చి పేరుతో దొంగ కార్డు రాశాను. బాప్తిస్మం తీసుకున్నాను. మొదటి రెండూ తప్పులని ఎవరైనా ఒప్పుకుంటారు. మూడోది అన్నిటికంటే పెద్ద తప్పని నాకూ, మా సంఘ కార్యదర్శి వరప్రసాదం సారుకూ మాత్రమే తెలుసు.

అది 1995. జనవరి ఇరవై ఆరున బడిలో జెండా ఎగరేసి, చేతిలో రెండు చాక్లెట్లతో ఇంటికి వచ్చేసరికి నాయన లేడు. మోటారు వైండింగుకి రాగి తీగ కొనుక్కురావడానికి నెల్లూరు బస్సెక్కాడని అవ్వ చెప్పింది. ఒక చాక్లెట్ ఆయన కోసం గూట్లో పెట్టాను. మూడో రోజుకి దానికి చీమలు పట్టాయి.

ఉదయగిరి బస్టాండు దగ్గర నాయనకి మోటార్లు బాగుచేసే షాపు ఉండేది. దానికి తాళం వేసి ఉంది. తాళం చెవి ఆయన జేబులో ఉంది. లోపల పదకొండు మంది రైతుల మోటార్లు ఉన్నాయి. ఫిబ్రవరి నుంచి వాళ్లు వంతులవారీగా మా ఇంటికి రావడం మొదలుపెట్టారు. అందరికంటే ఎక్కువసార్లు వచ్చినవాడు కొండలయ్య. గడపలో కూర్చుని, తలగుడ్డ విప్పి, నన్నే అడిగేవాడు.

"ఏమ్మే, మీ నాయన ఏ పక్క పోయినాడో నిజం చెప్పు. మోటారు లేక నా చెట్లు ఎండిపోతా ఉండాయి."

"నాకు తెలీదు."

"కూతురివి నీకే తెలీకపోతే నా నిమ్మచెట్లకి తెలస్తాదా?"

మార్చిలో ఒకరోజు అమ్మ పక్కింటి హజరాబీ దగ్గర గొడ్డలి అడిగి తీసుకుంది. షాపుకి పోయి నాలుగు దెబ్బల్లో తాళం పగలగొట్టింది. మోటార్లన్నీ వీధిలో పెట్టించి, చీటీలు చూసి ఎవరివి వాళ్లకి ఇచ్చేసింది.

ఆ చీటీలన్నీ నా చేతిరాతే. మోటారు రాగానే రైతు పేరు, ఊరు, ఎన్ని హెచ్.పి. అనేది అట్టముక్క మీద రాసి తీగతో కట్టడం నా పని. నీ రాత అచ్చు వేసినట్టు ఉండాదని నాయన మురిసిపోయేవాడు. బాగుచేయడం పూర్తయ్యాక కేకేసేవాడు. నేను పోయి చీటీ అడుగున 'అయింది' అని రాసేదాన్ని. ఆ మాట ఉంటేనే మోటారు షాపు దాటాలి. అమ్మ ఇచ్చేసిన పదకొండింటిలో ఒక్కదాని మీదా ఆ మాట లేదు.

*

మా బాప్టిస్టు సంఘంలో ఒక ఆచారం ఉండేది. ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభు సంస్కారం. రొట్టె, ద్రాక్షరసం పంచడానికి ముందు వరప్రసాదం సారు సభ్యుల పుస్తకం తెరిచి ఇంటివారీగా పేర్లు పిలుస్తారు. ఉన్నవాళ్లు 'ఉన్నానండి' అనాలి. రానివాళ్ల తరఫున ఇంట్లో ఎవరో ఒకరు లేచి నిలబడి కారణం చెప్పాలి. జ్వరమండి. డ్యూటీ అండి. కాన్పుకి పోయిందండి.

ఫిబ్రవరి మొదటి ఆదివారం సారు పుస్తకంలో మా ఇంటి పేర్ల దగ్గరికి వచ్చారు.

"దయాసాగర్."

అవ్వ తల వంచుకుంది. అవ్వ పేరు రెబెకమ్మ, నాయనకి తల్లి. అమ్మ లేచింది.

"ఊళ్ళో లేడండి."

మార్చిలోనూ అదే. ఏప్రిల్‌లోనూ అదే. ఏప్రిల్‌లో వెనక బెంచీల్లో ఎవరో నవ్వారు కూడా. అమ్మ కూర్చునేటప్పుడు బెంచీని రెండు చేతులతో పట్టుకుంది.

నేను మాత్రం ఆ పిలుపు కోసం నెలంతా ఎదురుచూసేదాన్ని. ఊరంతటిలో నాయన పేరు గట్టిగా పలికేది ఆ ఒక్కరోజే. ఇంట్లో అమ్మ ఆ పేరు ఎత్తదు. అవ్వ ఎత్తితే ఏడుస్తుంది. బడిలో ఎత్తేవాళ్లు ఎగతాళికే ఎత్తుతారు. పుస్తకంలో పేరు ఉన్నంతకాలం, సారు పిలుస్తున్నంతకాలం, ఆయన ఊళ్ళో లేడంతే. ఊళ్ళో లేనివాడు ఎప్పుడైనా ఊళ్ళోకి రావచ్చు.

షాపు పోయాక అమ్మ హజరాబీ దగ్గర చెంచాల పనికి కుదిరింది. కొండ మీద పెరిగే నర్ది చెట్టు చెక్కని చెంచా ఆకారంలో కోసి ఇస్తే, ఆకురాయితో అరగదీసి నునుపు చేయడం అమ్మ పని. సాయంత్రం పూట ఇంటి ముందర కూర్చుని రుద్దుతూ ఉండేది. సంస్కారానికి ముందు శనివారాల్లో ఆకురాయి చప్పుడుతో పాటు అమ్మ పెదవులు కూడా కదలడం చూశాను. ప్రార్థన చేసుకుంటోంది అనుకున్నాను. దగ్గరికి పోతే ఆపేసేది.

*

ఏప్రిల్ ఆఖర్లో వరప్రసాదం సారుకి కంటి ఆపరేషన్ అయింది. నలభై రోజులు చదవకూడదు, రాయకూడదు అన్నారు డాక్టర్లు. సారు రిటైరైన తెలుగు మాస్టరు. అక్షరం చూడకుండా ఒక పూట గడవని మనిషి. నా రాత బాగుంటుందని, రోజూ పదకొండింటికి వచ్చి చర్చికి వచ్చిన ఉత్తరాలు చదివి వినిపించమని అవ్వతో కబురు పంపారు.

మే రెండో వారంలో ఒక మంగళవారం నీలం ఇన్‌లాండ్ ఉత్తరం వచ్చింది. అడ్రసు చూడగానే రాత గుర్తుపట్టాను. 'ఉదయగిరి'లో 'ఉ' తోకని అంత పొడుగ్గా లాగేది ప్రపంచంలో నాయన ఒక్కడే.

సారు కంటికి పచ్చగుడ్డ కట్టుకుని వాలుకుర్చీలో ఉన్నారు. "ఎక్కడినుంచమ్మా?"

నేను అంచులు చింపాను. లోపల నాలుగు వాక్యాలే ఉన్నాయి.

'కార్యదర్శిగారికి వందనములు. నా సభ్యత్వమును ఆత్మకూరు సంఘమునకు బదిలీ చేయుచు లెటరు ఇప్పించగోరుచున్నాను. నా ఒక్కని పేరు మాత్రమే. కుటుంబము అక్కడే యుండును.'

కింద సంతకం. వెనక చిరునామా: కామయ్య సైకిల్ షాపు పక్కన, బస్టాండు రోడ్డు, ఆత్మకూరు.

నాలుగు నెలలుగా నేను ఆయన్ని బొంబాయిలో, మద్రాసులో, ఒక్కోసారి సముద్రం మీద ఊహించుకున్నాను. ఆయన రెండు గంటల బస్సు దూరంలో ఉన్నాడు.

"ఏమ్మా, చదవవేం?"

"కావలి నుంచి సార్. కన్వెన్షన్ కూటాలంట. అందరూ రావాలంట."

"ఏ తేదీలు?"

"మే... ఇరవై ఆరు, ఇరవై ఏడు."

"ప్రసంగీకులెవరో రాశారా?"

"రాయలేదు సార్."

సారు గోడగడియారం వైపు తల తిప్పారు. "సరే. ఫైల్లో పెట్టు."

ఫైల్లో పాత కాగితం ఒకటి పెట్టి చప్పుడు చేశాను. ఉత్తరం నా గౌనులోకి పోయింది. ఇంటికి వచ్చాక కీర్తనల పుస్తకానికి వేసిన అట్ట లోపల దాచాను.

రెండు రోజులు ఆ ఉత్తరమే తీసి తీసి చదివాను. నా ఒక్కని పేరు మాత్రమే. ఆ ముక్క దగ్గరే ఆగిపోయేదాన్ని. ఎవరితో చెప్పుకోవాలి? అమ్మకి చెబితే ఉత్తరం చింపేస్తుందేమో. అవ్వకి చెబితే ఊరంతా చెబుతుంది. హజరాబీ కూతురు నగ్మా నా ఈడుదే గానీ, ఆ సెలవుల్లో తను కలువాయిలో పిన్నమ్మ ఇంటికి పోయింది. అరుగు మీద ఒక్కదాన్నే కూర్చుని వచ్చే పోయే బస్సులు లెక్కపెట్టేదాన్ని.

మూడో రోజు ఒక ఉపాయం తట్టింది. పోస్టుకార్డు కొన్నాను. సారు చెప్పి రాయించే ఉత్తరాల భాష నాకు కంఠతా వచ్చు. అదే ధోరణిలో రాశాను. మీ ఉత్తరము అందినది. సంఘ నియమము ప్రకారము మీరు జూన్ నాలుగవ తేదీ ఆదివారము స్వయముగా హాజరైనచో లెటరు ఇవ్వబడును. కింద సారు సంతకం గీశాను. అది బాగానే కుదిరింది.

లెటరు కావాలంటే రావాలి. వస్తే నన్ను చూడాలి. చూస్తే వెళ్లలేడు. పన్నెండేళ్ల బుర్రకి అందులో లోపమేమీ కనిపించలేదు.

జూన్ నాలుగున ద్వారం కనిపించేలా పక్క బెంచీలో కూర్చున్నాను. ఆత్మకూరు బస్సు తొమ్మిదిన్నరకి వస్తుంది. తొమ్మిదీ నలభైకి ద్వారంలో నీడ పడింది. సంఘ పెద్దల్లో ఒకడైన డీకన్ చెంచయ్య. తర్వాత పిల్లల్ని ఎత్తుకున్న ఆడవాళ్లు. పదకొండున్నరకి ఇంకో బస్సు హారన్ వినిపించింది. పాస్టరుగారు రొట్టె మీది తెల్లగుడ్డ సర్దుతున్నారు. ఎవరూ రాలేదు.

సారు చదవకూడదు గనక చెంచయ్యే పేర్లు పిలిచాడు.

"దయాసాగర్."

"ఊళ్ళో లేడండి," అంది అమ్మ.

ఎక్కడున్నాడో ఆ గదిలో నా ఒక్కదానికే తెలుసు. నేను నోరు మూసుకుని కూర్చున్నాను.

*

జూన్ రెండో వారానికి సారు కంటికి మందపాటి అద్దాలు వచ్చాయి. నేను వెళ్లేసరికి ఆయన చేతిలో విప్పిన కాగితం ఉంది. పక్కన రిజిస్టరు కవరు.

"దయాసాగర్ రాశాడు," అన్నారు. "మీరు పంపిన కార్డు అందినది, స్వయముగా రాజాలను, దయచేసి పోస్టులో పంపగలరు అంటున్నాడు. నేనేం కార్డు పంపానమ్మా?"

నేను ఆయన కాళ్ల దగ్గరి చెప్పులు చూస్తున్నాను.

"కావలిలో మేలో కన్వెన్షన్ ఎప్పుడూ జరగలేదు. ముప్ఫై ఏళ్లుగా నేను పోతున్నది జనవరిలో."

"సార్..."

"కళ్లకే గదా ఆపరేషన్ అయింది. చెవులకి కాదు."

తిడతారని చూశాను. తిట్టలేదు. కాగితం మడిచి సభ్యుల పుస్తకంలో పెట్టారు. ఈసారి దాచడానికి వీల్లేదని, జూలై రెండో తేదీన సంఘం ముందు చదవాలని చెప్పారు. అప్పుడు అడిగాను. లెటరు ఇస్తే ఏమవుతుంది? అక్కడ చేరినట్టు చీటీ తిరిగి వస్తుంది, ఇక్కడ పుస్తకంలో పేరు కొట్టేస్తాం అన్నారు. తర్వాత ఆ పేరు పిలవరా? పిలవం.

"ఎవరికన్నా ఇష్టం లేకుంటే?"

"సభ్యుల్లో ఒక్కరు చెయ్యెత్తి అభ్యంతరం చెప్పినా మూడు నెలలు ఆగుతుంది. అప్పుడు మళ్లీ చదువుతాం."

"మళ్లీ చెయ్యెత్తితే?"

సారు అద్దాల వెనకనుంచి నన్ను చూశారు. ఆ అద్దాల్లో ఆయన కళ్లు చాలా పెద్దగా ఉన్నాయి. "మళ్లీ మూడు నెలలు."

"నేనెత్తొచ్చా సార్?"

"నీకు బాప్తిస్మం లేదు గదమ్మా. నువ్వింకా సభ్యురాలివి కాదు."

ఆ సాయంత్రమే పాస్టరుగారి ఇంటికి పోయి బాప్తిస్మానికి పేరిచ్చాను.

ఆయన సంతోషించారు. పరీక్ష పెట్టారు. పాపాలు ఒప్పుకున్నావా అని అడిగారు. ఒప్పుకున్నానన్నాను. ఒప్పుకోనివి అట్ట లోపల ఉన్నాయి. రక్షణ నిశ్చయత ఎప్పుడు కలిగింది అని అడిగితే, ఈ ఎండాకాలమే అన్నాను. అవ్వ కళ్లు తుడుచుకుని, తన కొడుకు పోయిన దుఃఖంలో దేవుడు ఈ బిడ్డని చూపించాడని ఇంటింటికీ చెప్పి వచ్చింది. అమ్మ తన తెల్లచీర చించి నాకు గౌను కుట్టింది. సూదిలో దారం ఎక్కిస్తూ ఒక్క మాట అడిగింది.

"ఇప్పుడే ఎందుకు?"

"అందరూ తీసుకుంటా ఉండారు."

అమ్మ దారాన్ని పళ్లతో తెంపింది. ఇంకేం అడగలేదు.

*

చర్చిలో బాప్తిస్మపు తొట్టి ఉంది గానీ, ఆ ఏడు ఉదయగిరిలో తాగడానికే నీళ్లు చాలలేదు. అందుకని జూన్ ఇరవై అయిదు ఆదివారం తెల్లవారుజామున తొమ్మిది మందిమి లారీ ఎక్కి ఆత్మకూరు దాటి పెన్నకి పోయాం. అవ్వకి లారీ ఎక్కే ఓపిక లేదు. అమ్మకి హజరాబీ చెంచాల ఆర్డరు అదే రోజు అప్పగించాలి. నాతో ఎవరూ రాలేదు. మిగతావాళ్లందరికీ ఒడ్డున తువ్వాలు పట్టుకుని ఎవరో ఒకరు నిలబడ్డారు.

ఇసుక మధ్యలో నడుము లోతు మడుగు. పాస్టరుగారు నా ముక్కు మూసి వెనక్కి వంచారు. నీళ్ల అడుగున నాకు దేవుడు గుర్తు రాలేదు. నా కుడిచెయ్యి గుర్తొచ్చింది. దానికి ఇక హక్కు వచ్చేసింది.

తిరిగి వస్తూ ఆత్మకూరు బస్టాండు దగ్గర టిఫినుకి లారీ ఆపారు. అరగంటలో రావాలన్నారు. ఇడ్లీ పొట్లం అందుకుని, మూత్రానికి పోయొస్తానని చెప్పి, పరుగెత్తాను.

కామయ్య సైకిల్ షాపు కనుక్కోవడం కష్టం కాలేదు. దాని పక్కన రేకుల గది. బయట మూడు మోటార్లు. లోపల నాయన నేల మీద కూర్చుని, మోకాళ్ల మధ్య మోటారు పెట్టుకుని రాగి తీగ చుడుతున్నాడు. చిక్కిపోయాడు. గడ్డంలో తెల్లవెంట్రుకలు.

తల ఎత్తాడు. నా తడి జుట్టు చూశాడు. తెల్ల గౌను చూశాడు. చేతిలోని తీగ వదిలేశాడు. చుట్టిందంతా చరచరా విడిపోయింది.

"బాప్తిస్మం తీసుకున్నావా?"

తలూపాను.

"మీ అమ్మ వచ్చిందా?"

"లేదు. ఒక్కదాన్నే."

గుమ్మంలోనే నిలబడి గదంతా చూశాను. నేను వెతుకుతున్నది ఒక ఆడమనిషి జాడ. ఎవతినో తగులుకుని పోయినాడని ఊరంతా అనేది. అమ్మ కూడా అదే నమ్మింది. దండెం మీద చీర ఉంటుంది, అద్దం దగ్గర బొట్టు ఉంటుంది అనుకుంటూ చూశాను. దండెం మీద రెండు చొక్కాలు. మూలన చాప చుట్ట ఒకటి. కిరసనాయిలు స్టవ్వు. కంచం ఒకటి. గ్లాసు ఒకటి.

ఎవరూ లేరు. మమ్మల్ని వదిలి ఆయన ఎవరి దగ్గరికీ పోలేదు. ఎవరైనా ఉండి ఉంటే బాగుండేది. ఆమెని తిట్టుకుని బతికేదాన్ని.

"ఎందుకు పోయినావు నాయనా?"

ఆయన విడిపోయిన తీగని వేలికి చుట్టుకుంటూ చాలాసేపు ఆలోచించాడు. అబద్ధం కోసం ఆలోచిస్తున్నట్టు లేదు. నిజాన్నే వెతుకుతున్నట్టు ఉంది.

"నెల్లూరికే ఎక్కినానమ్మా. తీగ కొనాలనే. ఇక్కడ టీకి దిగినాను. తాగతా ఉంటే బస్సు కదిలింది. పరిగెత్తితే అందేది. కండక్టరు పిలస్తానే ఉన్నాడు." ఆగాడు. "పరిగెత్తబుద్ధి కాలేదు."

"అంతేనా?"

"అంతే."

బయట ఎవరో సైకిల్ గొట్టంలో గాలి కొడుతున్నారు. ఆ చప్పుడు ఆగాక అడిగాను, మరి లెటరు ఎందుకని. లెటరు లేనిదే ఇక్కడి చర్చిలో సంస్కారం ఇవ్వరని, అయిదు నెలలుగా వెనక బెంచీలో కూర్చుని రొట్టె పళ్లెం తనని దాటిపోవడం చూస్తున్నానని చెప్పాడు. అది చెప్పేటప్పుడు మాత్రం వేలికి చుట్టిన తీగ విప్పేశాడు.

"కార్డు వచ్చింది గదా. ఎందుకు రాలేదు? వస్తే ఇచ్చేవాళ్లు."

నాయన లేచి గూట్లోంచి నా కార్డు తీశాడు. వేలితో ఆ అక్షరాలని తడిమాడు.

"ఈ రాత నా మోటార్లన్నిటికీ కట్టి ఉండేది. నాకు తెలీదా ఇది ఎవరు రాసినారో?"

నాకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. పిలిచింది సంఘం అనుకుని రాకపోవడం వేరు.

"నేనే రాసినానని తెలిసీ రాలేదా?"

ఆయన కూర్చుని మోటారుని మళ్లీ మోకాళ్ల మధ్యకి లాక్కున్నాడు. తీగ మొదటినుంచి చుట్టడం మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, మూడు అని చుట్లు లోపల లెక్కపెట్టుకుంటున్నాడని ఆయన పెదవులు చూస్తే తెలిసింది.

లారీ హారన్ మోగింది. ఇడ్లీ పొట్లం ఆయన గ్లాసు పక్కన పెట్టి వచ్చేశాను. ఈసారి నేను పరిగెత్తాను. లారీ అందింది.

*

జూలై ఒకటి, శనివారం. అమ్మ ఇంటి ముందర కూర్చుని చెంచాలు రుద్దుతోంది. ఆకురాయి చప్పుడు. పెదవులు కదులుతున్నాయి. నేను తలుపు వెనకనుంచి విన్నాను. దగ్గరికి పోకుండా విన్నాను.

"ఊళ్ళో లేడండి." కర్ర మీద రెండు రుద్దులు. "ఊళ్ళో లేడండి." ఈసారి కొంచెం తేలిగ్గా, పెద్ద విషయం కానట్టు. మళ్లీ రుద్దులు. మళ్లీ ఇంకో రకంగా.

ప్రార్థన కాదది. గొంతు వణక్కుండా అనడం నేర్చుకుంటోంది. ఫిబ్రవరి నుంచి ప్రతి నెలా.

మర్నాడు ముందుగా కొత్త సభ్యులకి కుడిచేతి సహవాసం ఇచ్చారు. తొమ్మిది మందిమి వరసగా నిలబడితే పాస్టరుగారు, డీకన్లు చెయ్యి కలిపారు. సారు నా చెయ్యి పట్టుకుని రెండు క్షణాలు ఎక్కువ ఉంచారు. తర్వాత నాయన ఉత్తరం, కార్డు సంగతి వదిలేసి, చదివారు. నా ఒక్కని పేరు మాత్రమే అని ఇందులోనూ ఉంది, ఆ ముక్క కూడా చదివారు. అవ్వ కొంగుతో నోరు మూసుకుంది.

చెంచయ్య లేచాడు. ఇల్లు వదిలేసి పోయినవాడికి మంచివాడని లెటరు ఎట్టా ఇస్తామని, పిలిపించి మందలించాలని అన్నాడు. చాలామంది తలలు ఊపారు.

అమ్మ లేచింది. "ఇచ్చేయండయ్యా," అంది. ఇంకా ఏదో చెబుతుందని అందరూ చూశారు. కూర్చుంది.

చెంచయ్య గొణుక్కుంటూ కూర్చున్నాడు. సారు అద్దాలు సర్దుకున్నారు. "అభ్యంతరం ఉన్నవాళ్లు చెయ్యి ఎత్తండి," అన్నారు. ఆయన సంఘం మొత్తాన్నీ చూడలేదు. నన్నే చూశారు.

నా కుడిచెయ్యి తొడ కింద ఉంది. బెంచీ చెక్క ఒత్తుకుని వేళ్లు తిమ్మిరెక్కాయి. ఆ చెయ్యి ఎత్తడం కోసమే మునిగాను. ఎత్తితే మూడు నెలలు. మళ్లీ ఎత్తితే ఇంకో మూడు. ఏళ్ల తరబడి ఆ పేరు ఈ గదిలో మోగుతూనే ఉంటుంది. ప్రతిసారీ అమ్మ లేచి నిలబడుతుంది.

సారు చాలాసేపు ఆగారు. నేను తొడ కిందనుంచి చెయ్యి తియ్యలేదు.

"ఎవరికీ అభ్యంతరం లేదు. లెటరు ఇవ్వడమైనది."

తర్వాత పుస్తకం తెరిచారు. చీటీ తిరిగి వచ్చేదాకా పేరు కొట్టకూడదు గనక, ఆ రోజు కూడా పిలవాల్సిందే. మా ఇంటి వరకు వచ్చారు.

"దయాసాగర్."

అమ్మ ముందు బెంచీ పట్టుకుని లేవబోయింది. నేను ఆమె మోచెయ్యి పట్టుకుని కిందికి లాగాను. లేచాను. ఇప్పుడు నేనూ సభ్యురాలినే. ఇంటి తరఫున చెప్పొచ్చు.

"వెళ్లిపోయినాడండి."

నేను ముందుగా అనుకున్న మాట కాదది. వెనక బెంచీల్లో ఈసారి ఎవరూ నవ్వలేదు. సారు పెన్ను పుస్తకం మీద ఆగిపోయింది. తర్వాత ఎప్పటిలాగే చదువుకుంటూ పోయారు.

"రెబెకమ్మ."

అవ్వ పలకలేదు. ఉన్నట్టు సారే పుస్తకంలో గుర్తు పెట్టారు.

"అనురాధ."

"ఉన్నానండి," అంది అమ్మ.

"ఏంజెలిన్." పుస్తకంలో నా పేరు సిరా ఇంకా కొత్తగా ఉండి ఉంటుంది.

"ఉన్నానండి."

ఆ తర్వాత రెండేళ్ల పాటు అవ్వ నాతో సరిగా మాట్లాడలేదు. తన కొడుకుని నేనే పంపేశానని నమ్మింది. అమ్మ మాత్రం ఆ మధ్యాహ్నం అన్నం పెట్టేటప్పుడు నా కంచం ముందుగా పెట్టింది. దాని గురించి మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

సోమవారం బడి అయ్యాక సారు ఇంటికి పోయాను. ఆయన కళ్లు బాగయ్యాయి. తనే రాసుకోవచ్చు. అయినా కాగితం, పెన్ను నా ముందు పెట్టి, చెబుతాను రాయమన్నారు. ఈ ఉత్తరము తెచ్చుచున్న సహోదరుడు మా సంఘ సభ్యుడు. అతనిని మీ సహవాసమునకు అప్పగించుచున్నాము. మీరు చేర్చుకొనిన పిమ్మట మా బాధ్యత తీరును. గుండ్రంగా, అచ్చు వేసినట్టు రాశాను. సారు సంతకం చేశారు. ఈసారి నిజమైన సంతకం.

కవరు మీద నాయన చిరునామా రాసి, అతికించి పోస్టాఫీసుకి తీసుకుపోయింది కూడా నేనే. డబ్బాలో వేసే ముందు ఆగాను. కవరు తిప్పి, వెనక అడుగున మూలన, మోటారు చీటీల మీద రాసినట్టే ఒక్క మాట రాశాను. ఆ రాత ఎవరిదో ఆయనకి తెలుసు.

'అయింది.'